గాడిలో నడిచానని అడవి మధ్యలో ఆపి తిట్టింది. అంత తప్పా?

పటమట_పిల్లోడు
ఆఫీసు పని మీద నెల రోజులు మినియాపొలిస్‌లో ఉన్నాను. మా బావ వాళ్ళు అక్కడే. జనవరి మూడో సోమవారం వాళ్ళకి సెలవు. "స్కీయింగ్‌కి పోదాం రా, కొండ మీంచి జారేది కాదు, క్రాస్ కంట్రీ, అడవిలో నడవటమే" అన్నాడు. రోజూ పొద్దున్నే స్టేడియంలో పది రౌండ్లు వేసేవాణ్ణి, నడవటానికి నాకేంటి అని బయల్దేరాను. చలి ఎంతుంటుందంటే "10" అన్నాడు. లంబసింగి లెక్కేగా అనుకున్నా. అది ఫారన్‌హీట్ అని కారు దిగాక తెలిసింది. మన లెక్కలో మైనస్ 12.

అద్దెకిచ్చే చోట బూట్లు, రెండు బద్దలు (స్కీలంటే అవే), రెండు కర్రలు చేతిలో పెట్టారు. బద్దలు నాకంటే పొడుగు, వెడల్పు మాత్రం మూడు వేళ్ళంత. బూటు ముందు కొస ఒక్కటే బద్దకి తగులుకుంటుంది, మడమ గాల్లో లేస్తూ ఉంటుంది. పట్టీ తెగిన చెప్పుని వేళ్ళతో ఈడ్చుకుంటూ ఇంటికొస్తాం చూడండి, అచ్చం అలా. చదును నేల మీద, ఎవరూ తొయ్యకుండా, పది నిమిషాల్లో ఆరుసార్లు పడ్డాను. లెక్క నాది కాదు, మా మేనకోడలిది. ఐదేళ్ళ పిల్ల, నా పక్కనే జారుకుంటూ "మామయ్య మళ్ళీ పడ్డాడు" అని వేళ్ళు ముడుస్తోంది.

తర్వాత దారికి కుడిపక్కన మంచులో రెండు గాడులు కనిపించాయి. బద్దలు అందులో పెడితే రైలు పట్టాలెక్కినట్టు వాటంతటవే పోతున్నాయి. ఆ అరగంట మాత్రం అద్భుతం. రెండు పక్కలా పైన్ చెట్లు, తెల్ల బెరడు బర్చ్ చెట్లు, బద్దల కింద మంచు చేసే చప్పుడు తప్ప ఇంకేం లేదు. బెంజ్ సర్కిల్ హారన్లు విన్న చెవులు ఇవేనా అనిపించింది.

అప్పుడొచ్చింది ఎత్తు. నేను ఎక్కుతున్నా, బద్దలు వెనక్కి జారుతున్నాయి. నాలుగుసార్లు చూసి విసుగొచ్చి, విప్పేసి చంకలో పెట్టుకుని, గాడి గట్టిగా ఉందని దాంట్లోనే నడుచుకుంటూ ఎక్కాను. వెనకనుంచి ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి, ఆగి మరీ క్లాసు పీకింది. సారీ చెప్పాను. కానీ ఆ తర్వాత రోజంతా మూడ్ పోయింది.

మంచే కదా, రేపు మళ్ళీ పడుతుంది. నాలుగు అడుగులకి అంత రచ్చ ఎందుకండీ?

కృష్ణలంక_కాకి
సెలవు రోజు, డబ్బులిచ్చి, ఆరుసార్లు పడటం. మా సందులో వానాకాలం ఇది ఉచితం.

బ్రాడీపేట_4వలైను
కళ్ళంలో మిరపకాయలు ఆరబోస్తే వాటి మీద నడుచుకుంటూ పోయి "కాయలే కదా" అన్నట్టుంది మీ వరస. ఆవిడ చెప్పింది కరెక్టే.

నల్లపాడు_రైతుబిడ్డ
4వలైను గారూ, మీరు నిజంగా గుంటూరేనా? కళ్ళంలో కాయలు తిరగేసేదే కాళ్ళతో.

బ్రాడీపేట_4వలైను
సరే, నేను కాయని సంచిలోనే చూశాను. ఒప్పుకుంటున్నా. అయినా ఆవిడదే కరెక్టు.

మిన్నెసోటా_మిరప
మాది తెనాలి, ఇక్కడికొచ్చి 11 ఏళ్ళు. మొదట్లో నేనూ ఇలాగే అనుకున్నా కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ఆ గాడి దానంతటది పడింది కాదు. ట్యాంకుకి ఉన్నట్టు పట్టాల చక్రాలున్న బండి ఒకటి, రాత్రి పూట, అడవి దారంతా తిరుగుతుంది. వెనక ఉన్న యంత్రం మంచుని చిదిపి, లోపలి గాలి పోయేలా అదిమి, పైన కార్డురాయ్ గుడ్డకి ఉన్నట్టు సన్నటి చారలు దించుతుంది. దాని పక్కన అచ్చు లాంటిది ఉంటుంది, అది రెండు గాడులు నొక్కుతుంది. చిన్న ఊళ్ళలో ఈ పని క్లబ్బు వాళ్ళే స్నోమొబైల్ (మంచు మీద తిరిగే చిన్న మోటారు బండి) వెనక సరంజామా కట్టుకుని చేసుకుంటారు, జీతం భత్యం లేకుండా.

రాత్రే ఎందుకంటే, చిదిపిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడాలి. దానికి కొన్ని గంటలు పడుతుంది. మీ వీధిలో కొత్తగా సిమెంటు రోడ్డు పోసి వెళ్తే పొద్దున్నకల్లా దాని మీద కుక్క పాదాలు అచ్చుపడి ఉంటాయి కదా? ఆ రోడ్డు బతికినంతకాలం ఆ పాదాలు అలాగే ఉంటాయి. మీ బూటు పడ్డ చోట కూడా అంతే. బద్ద మీద నిలబడితే మీ బరువు రెండు మీటర్ల పొడుగునా పరుచుకుంటుంది, అందుకే దిగబడదు. బూటుతో నిలబడితే బరువంతా మడమ కిందే. గుంట పడుతుంది. రాత్రికి అది రాయిలా గడ్డకడుతుంది. మర్నాడు అదే వాలులో దిగేవాడి బద్ద గాడిలో ఉంటుంది, పక్కకి తిప్పుకునే వీలుండదు, నేరుగా ఆ గుంటలోకే వస్తాడు.

మీరు ఎక్కిన ఎత్తు ఇంకొకరికి పల్లం. ఆవిడ బాధ అది.

పటమట_పిల్లోడు
@మిన్నెసోటా_మిరప కుక్క పాదాల ఉదాహరణతో నోరు మూయించారు. మా ఇంటి ముందు రోడ్డు మీదే ఉన్నాయి, గేటు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా. నేను ఆ కుక్కనన్నమాట.

కృష్ణలంక_కాకి
కుక్క కనీసం చంకలో బద్దలు పెట్టుకోలేదు.

సత్యనారాయణపురం_శాస్త్రి
నేను ఒప్పుకోను. కొత్తవాడికి బద్దలు అద్దెకిచ్చినవాడు ముందు నియమాలు చెప్పాలి కదా? మన గుళ్ళో చెప్పులు ఎక్కడ విడవాలో తెలియని వాణ్ణి కేకలేస్తే తప్పు ఎవరిది? తెలిసినవాళ్ళు నెమ్మదిగా చెప్తే పోయేది. పెద్దరికం అంటే అరవటం కాదు.

మిన్నెసోటా_మిరప
శాస్త్రి గారు, దారి మొదట్లో బోర్డు ఉంటుందండీ. నడవరాదు, కుక్కలు రాకూడదు, ఏ వైపు నుంచి ఏ వైపుకి వెళ్ళాలి, అన్నీ బొమ్మలతో సహా.

పటమట_పిల్లోడు
బోర్డు ఉంది. దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాను. ఇప్పుడు జూమ్ చేసి చూస్తే బూటు బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి ఉంది. నా భుజం పక్కనే.

సత్యనారాయణపురం_శాస్త్రి
అయితే నేను కేసు వదులుకుంటున్నా.

ఉయ్యూరు_ఉత్తముడు
"రేపు మళ్ళీ పడుతుంది" అన్నారు కదా, అది కూడా అంత గ్యారంటీ కాదు. 2024 చలికాలం నేను అక్కడే ఉన్నా. ఆ ఏడాది మంచు లేదు. ఫిబ్రవరిలో మినియాపొలిస్‌లోనే థియోడర్ విర్త్ పార్కులో క్రాస్ కంట్రీ స్కీయింగ్ ప్రపంచ కప్ పోటీలు పెట్టారు. ట్రాక్ మీద యంత్రాలతో తయారు చేసిన మంచు. పక్కన విస్కాన్సిన్‌లో అమెరికన్ బిర్కెబైనర్ అని 50 కిలోమీటర్ల పెద్ద రేసు ఉంటుంది, ఒక ఊరు నుంచి ఇంకో ఊరికి. ఆ ఏడాది 10 కిలోమీటర్ల చుట్టు ఒకటి తయారు చేసిన మంచుతో వేసి, జనాన్ని దాని చుట్టూనే తిప్పారు. మంచు ఉన్న రోజుని అక్కడివాళ్ళు మనం ఎండాకాలం మున్సిపల్ నీళ్ళొచ్చే గంటని చూసుకున్నట్టు చూసుకుంటారు.

లక్ష్మీపురం_అమ్మ
నాకు 58. డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, వాళ్ళదీ ఆ పక్కే. అది ఇప్పటినుంచే "అమ్మా నిన్ను స్కీయింగ్‌కి తీసుకెళ్తా" అంటోంది. ఇదంతా చదివాక కాళ్ళు వణుకుతున్నాయి. ఆయనేమో "వెళ్ళు వెళ్ళు, నేను కారులో కూర్చుంటా" అంటున్నారు. నా వయసు వాళ్ళు ఎవరైనా చేశారా?

కృష్ణలంక_కాకి
అమ్మా, ఈ పిల్లోణ్ణి తిట్టిన ఆవిడకి డెబ్బై. ఎత్తు ఎక్కుతూ తిట్టింది. ఊపిరి కూడా ఆడింది.

గుండె_మోకాలు_ఫిజియో
@లక్ష్మీపురం_అమ్మ పరుగుతో పోలిస్తే మోకాళ్ళకి ఇదే మేలు. పాదం నేలని కొట్టదు, జారుతుంది. చేతులు, వీపు, నడుము, కాళ్ళు అన్నీ పనిచేస్తాయి కాబట్టి ఆయాసం మాత్రం గట్టిగా వస్తుంది. బీపీ, గుండె సమస్య ఉంటే ముందు మీ డాక్టరుని అడిగి వెళ్ళండి.

పడతారు. పడటం గురించి భయం వద్దు, ఎలా పడాలో తెలిస్తే చాలు. ముందుకి చేతులు చాపకండి. మోకాళ్ళు వంచి, పక్కకి, పీట మీద కూర్చున్నట్టు పడండి. కర్ర చేతిలో ఉండగా అరచేయి ఆనిస్తే బొటనవేలి మొదలు దెబ్బతింటుంది. దానికి స్కీయర్స్ థంబ్ అని పేరే పెట్టారంటే ఎంతమంది విరగ్గొట్టుకున్నారో చూడండి. లేచేటప్పుడు తొందరపడొద్దు. వెల్లకిలా తిరిగి, కాళ్ళు పైకెత్తి బద్దలు రెండూ ఒకే వైపుకి పక్కపక్కన పెట్టుకుని, మోకాళ్ళ మీదకి వచ్చి, ఆ తర్వాత ఒక్కో కాలు.

పటమట_పిల్లోడు
ఈ లేచే పద్ధతి నాకెవరూ చెప్పలేదు. ప్రతిసారీ చెట్టుని పట్టుకుని లేచా. చెట్టు దూరంగా ఉంటే చెట్టు దాకా పాకా.

తెనాలి_టు_టొరంటో
@పటమట_పిల్లోడు నువ్వు ఎత్తులో జారటానికి కారణం వేరు తమ్ముడూ. బద్దని ఒకసారి పక్కనుంచి చూడు. మధ్యలో విల్లులా లేచి ఉంటుంది. కావడి బద్ద గుర్తుందా? బరువు పడితే వంగి, దించితే లేస్తుంది. ఇదీ అంతే. రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడితే మధ్య భాగం మంచుకి అంటీ అంటనట్టు ఉంటుంది, కొసలే జారుతాయి. ఒక్క కాలి మీద పూర్తి బరువేసి అదిమితేనే మధ్య భాగం మంచుకి ఆనుతుంది. అద్దె బద్దలకి అక్కడ చేప పొలుసుల్లా గరుకు చెక్కి ఉంటుంది. ఆ పొలుసులు పట్టుకుంటాయి, నువ్వు ముందుకి పోతావు. కొత్తవాళ్ళు భయంతో రెండు కాళ్ళ మీదా బరువు పంచుతారు. పొలుసు పట్టదు. జారుడే.

అప్పటికీ పట్టకపోతే బద్దల ముక్కులు బయటికి తిప్పి, వెనక కొసలు దగ్గర పెట్టి, బాతులా అడుగులేస్తూ ఎక్కు. వెనక మంచులో చేప ముల్లు బొమ్మ పడుతుంది. దిగేటప్పుడు ఉల్టా: ముక్కులు దగ్గరికి, మడమలు బయటికి తోస్తే అదే బ్రేకు.

కృష్ణలంక_కాకి
బాతు, చేప ముల్లు, పొలుసు. ఇది స్కీయింగా, కైకలూరు చేపల చెరువా?

ఉయ్యూరు_ఉత్తముడు
పాతకాపులు పొలుసుల బద్దలు వాడరు. మధ్యలో మైనం రాస్తారు. చలిని బట్టి మైనం రంగు మారుతుంది: బాగా చలైతే ఆకుపచ్చ, తర్వాత నీలం, సున్నా దగ్గరికొస్తే ఎరుపు. తప్పు రంగు రాస్తే బద్ద జారుతూనే అయినా ఉంటుంది, లేదంటే మంచు ముద్దలు పట్టుకుని కదలదు. కొసలకి జారే మైనం వేరే, దాన్ని ఇస్త్రీపెట్టెతో కరిగించి పట్టిస్తారు. అందులో ఫ్లోరిన్ కలిపినవి భలే జారేవి గానీ పర్యావరణానికి చేటని 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ పోటీల్లో నిషేధించారు.

లక్ష్మీపురం_అమ్మ
అంటే అట్లపెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాసినట్టా?

ఉయ్యూరు_ఉత్తముడు
అంతేనండీ. కాకపోతే మధ్యలో అట్టు అంటుకోవాలి, అంచుల్లో అంటుకోకూడదు.

బ్రాడీపేట_4వలైను
మూల ప్రశ్నకి వస్తే, బట్టలేం వేసుకున్నారు? అది చెప్పలేదు.

పటమట_పిల్లోడు
ఇదొకటి మిగిలింది. లోపల కాటన్ బనియను, దాని మీద చొక్కా, రెండు స్వెట్టర్లు, పైన బావ ఇచ్చిన పెద్ద దూది కోటు. కింద జీన్స్. తలకి అమ్మ ఇచ్చిన మంకీ క్యాప్. పదిహేను నిమిషాల్లో మే నెలలో ఏలూరు రోడ్డు మీద నిలబడ్డట్టు చెమట కారింది. చలి దేశంలో చెమటేంట్రా అని నవ్వుకున్నా. భోజనానికి ఆగాం. ఐదు నిమిషాలు కూర్చునేసరికి ఆ తడి బనియను వీపుకి ఐసుగడ్డలా అంటుకుంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఆ రోజు నిజంగా భయపడింది అప్పుడే. ఆవిడ తిట్టినప్పుడు కాదు.

మిన్నెసోటా_మిరప
మనవాళ్ళందరూ చేసే తప్పు ఇదే. చలి అనగానే మూటలా చుట్టుకుంటాం. ఈ ఆటలో ఒళ్ళు పొయ్యిలా కాలుతుంది. బయల్దేరిన మొదటి ఐదు నిమిషాలు కాస్త చలిగా అనిపించాలి, అప్పుడు బట్టలు సరిపోయినట్టు. ఒంటికి తగిలే గుడ్డ కాటన్ అసలు వద్దు, చెమట తాగి ఆరదు. పల్చటి ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ. దాని మీద గాలి ఆపే పల్చటి జాకెట్టు. ఆ దూది కోటు సంచిలో పెట్టుకో, ఆగినప్పుడు తొడుక్కో. జీన్స్ సంగతి చెప్పక్కర్లేదు, తడిస్తే రేకులా అవుతుంది.

తెనాలి_టు_టొరంటో
ఫోను కూడా లోపలి జేబులో పెట్టుకోవాలి. చలికి బ్యాటరీ 60 శాతం ఉన్నా ఆరిపోతుంది. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టుకుంటే గడ్డకట్టేది ముందు అడుగున, మూత తెరుచుకుంటుంది.

పామర్రు_పెసరట్టు
భోజనానికి ఏం తీసుకెళ్ళారు? అందరూ మైనం గురించి మాట్లాడుతున్నారు, తిండి గురించి ఒక్కడూ అడగడు.

పటమట_పిల్లోడు
అక్క పులిహోర కట్టిచ్చింది. డబ్బా తెరిస్తే మెతుకులు గులకరాళ్ళు. పల్లీలు మాత్రం బాగున్నాయి. ఫ్లాస్కులో మిరియాల చారు పోసిచ్చింది, అదే ప్రాణం నిలబెట్టింది. పక్క బల్ల మీద కూర్చున్న తెల్లాయన వాసన చూసి ఏంటని అడిగాడు. ఒక కప్పు పోశాం. తాగి కాసేపు మాట్లాడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండో కప్పు అడిగాడు.

పామర్రు_పెసరట్టు
ఇది చాలు నాకు.

ఉయ్యూరు_ఉత్తముడు
స్వీడన్‌లో వాసాలోపెట్ అని 90 కిలోమీటర్ల రేసు ఉంది, 1922లో మొదలైంది. దారిలో వేడి వేడి బ్లూబెర్రీ చారు పోస్తారు. అంటే మీ అక్కది సరైన దారే.

కృష్ణలంక_కాకి
90 కిలోమీటర్లా? బెజవాడ నుంచి బందరే 70. ఇంకో ఇరవై అంటే సముద్రంలోకి.

సత్యనారాయణపురం_శాస్త్రి
ఉత్తముడు గారు పైన బిర్కెబైనర్ అన్నారు. ఆ పేరు వెనక కథ నాకు తెలుసు. నార్వేలో 1206లో అంతర్యుద్ధం. రెండేళ్ళ పిల్లవాడు, రాజు కొడుకు, హాకోన్ అని పేరు. శత్రువులకి దొరక్కుండా ఇద్దరు యోధులు ఆ పసివాణ్ణి తీసుకుని మంచుకొండలు దాటి స్కీల మీద తప్పించారట. వాళ్ళ వర్గం పేరే బిర్కెబైనర్. ఆ పిల్లవాడే తర్వాత రాజయ్యాడు. నార్వేలో 1932 నుంచి జరిగే రేసులో ఇప్పటికీ ప్రతివాడూ వీపున మూడున్నర కిలోల మూట మోయాలి, ఆ పిల్లవాడికి గుర్తుగా. నాకు వసుదేవుడే కళ్ళముందు కనిపించాడు. బుట్ట, యమున, చీకటి. అక్కడ మంచు, అంతే తేడా.

నల్లపాడు_రైతుబిడ్డ
శాస్త్రి గారూ, రెండేళ్ళ పిల్లాడు మూడున్నర కిలోలేంటండీ? మా వాడు పుట్టినప్పుడే మూడున్నర.

సత్యనారాయణపురం_శాస్త్రి
గుర్తుగా అన్నాను నాయనా. తూకానికి కాదు.

విద్యాధరపురం_వీల్స్
నాది వేరే కేసు. నేను జర్మనీ నుంచి తిరిగొస్తూ రోలర్ స్కీలు తెచ్చుకున్నా. చక్రాలున్న బద్దలు, ఎండాకాలం ఆటగాళ్ళు రోడ్డు మీద ప్రాక్టీసు చేసేవి. తెల్లవారుజామున అమరావతి వైపు ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టా. ఒంటి కాలి మీద బరువు వేయటం, కర్రలతో తోయటం, అన్నీ మంచులో లాగే వస్తాయి. ఒక్క బ్రేకు రాదు. మూడో రోజు గేదెలు అడ్డొచ్చాయి. మందలో నేను, నా చుట్టూ అవి. కాపరి నన్ను లేపి "కాళ్ళకేమైంది బాబూ, కర్రలతో నడుస్తున్నావు" అని జాలిపడ్డాడు.

కృష్ణలంక_కాకి
ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చిన పోస్టు ఇదే.

బ్రాడీపేట_4వలైను
సరదా పక్కన పెడితే, మన దేశంలో ఇది ఎక్కడైనా ఉందా? గుల్మార్గ్‌లో అందరూ కొండ మీంచి జారే రకమే చూపిస్తారు.

తెనాలి_టు_టొరంటో
ఉంది. గుల్మార్గ్‌లో జరిగే ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో నార్డిక్ స్కీయింగ్ పోటీలు పెడతారు, అది ఇదే. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో జగదీశ్ సింగ్ 15 కిలోమీటర్ల క్రాస్ కంట్రీలో మన దేశం తరఫున దిగాడు. కానీ నువ్వు అడిగేది మనలాంటివాళ్ళు వెళ్ళి, బద్దలు అద్దెకి తీసుకుని, అడవిలో గాడి వేసిన దారిలో రోజంతా తిరిగొచ్చే చోటు అయితే, అలాంటిది ఇక్కడ నేను చూడలేదు. దానికి రోజూ రాత్రి ఆ బండి తిప్పేవాడు కావాలి కదా.

పటమట_పిల్లోడు
ఇంకో విషయం చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి, వెలుగు తగ్గుతుండగా, వెనక్కొచ్చే దారిలో ఆవిడ మళ్ళీ కనిపించింది. పల్లంలో నేను పక్కకి తప్పుకుని దారిచ్చా. దిగేవాళ్ళకి ముందు దారివ్వాలని అప్పటికి బావ చెప్పాడు. కర్ర ఎత్తి చూపించి పోయింది. థాంక్స్ అనో, ఇంకా గుర్తుందనో తెలీదు.

మొత్తం 7 కిలోమీటర్లు. 19 సార్లు పడ్డాను, మేనకోడలి లెక్క ప్రకారం 21. మర్నాడు మెట్లు దిగలేకపోయా. చంకల కింద కూడా కండరాలుంటాయని ఆ రోజే తెలిసింది.

లక్ష్మీపురం_అమ్మ
సరే, వెళ్తాను. మా అమ్మాయికి ఒక రోజు నేర్పించేవాళ్ళని మాట్లాడమన్నాను. అన్నట్టు ఈ ఉన్ని లోబట్టలు ఇక్కడ కొనుక్కుని వెళ్ళనా? బీసెంట్ రోడ్డులో దొరుకుతాయా?

మిన్నెసోటా_మిరప
ఇక్కడే కొనుక్కోండి అమ్మా. మీరొచ్చేసరికి డిస్కౌంట్లు ఉంటాయి. ఫ్లాస్కు మాత్రం అక్కడనుంచే తెచ్చుకోండి. పచ్చడి కూడా.

కృష్ణలంక_కాకి
బీసెంట్ రోడ్డులో దొరికేది మంకీ క్యాపే. కావాలంటే పిల్లోణ్ణి అడగండి, ఒకటి ఉంది, ఒక్కసారే వాడాడు.